పాప కూర్చునే హోటల్

మదనపల్లె
2 జూన్ 2025

తమ్ముడు సుదర్శన్‌కు,

పెద్దదాన్ని కాబట్టి ఆశీర్వదించి మొదలుపెట్టాలి. ఈసారికి ఆశీర్వాదం లేదు, నేరుగా విషయానికి వస్తాను.

ఫోన్లున్న కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. వాయల్పాడు పెళ్లిలో, పంక్తిలో అంతమంది ముందర, "మా అల్లుడు చేతగానోడు, టమోటాల్లో మునిగినోడు" అన్నావు. నీ అల్లుడంటే నా కొడుకు పవనే కదా. నేను విస్తరి ముందు నుంచి లేచి, యమున తల మీద చెయ్యి పెట్టి, నీతో జన్మలో మాట్లాడనని ఒట్టేశాను. నువ్వూ ఊరుకోక అదే తల మీద చెయ్యి పెట్టావు. మనిద్దరికీ ఉన్నది ఆ ఒక్క మనవరాలు. నాలుగేళ్ల పిల్ల మన చేతుల బరువుకు తల వంచుకుని పాయసం తింటూనే ఉంది. ఇప్పుడు నీతో మాట్లాడితే దానికేమైనా అవుతుందని నాకు భయం. రాయనని మాత్రం ఒట్టు పెట్టుకోలేదు.

ఆ సాయంత్రమే నీ కూతురు శ్రుతిని, పిల్లను అద్దె కారు ఎక్కించి కుప్పం తీసుకుపోయావు. మీ ఇంట నేను పచ్చి నీళ్లు ముట్టను, మా గడప నువ్వు తొక్కవు. అందుకే మునిరత్నం మామ మధ్యలో పడి, రెండు వారాలకొక ఆదివారం ఏదైనా హోటల్లో పిల్లను చూపించమన్నాడు. నువ్వు సరేనన్నావట.

మా ఊళ్లో బెంగళూరు రోడ్డులో కొత్తగా ఒక కెఫే పెట్టారు. నేను పోయి చూసొచ్చాను. పిల్లలకు ఎత్తు కుర్చీలున్నాయి, రంగు బంతులు నింపిన తొట్టి ఉంది, ఏసీ ఉంది, కారం లేకుండా చేసిస్తామన్నారు. పదిహేనో తేదీ ఆదివారం పదకొండు గంటలకు పిల్లను తీసుకురా. నువ్వు బయట చెట్టు కింద కూర్చుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

నీ అక్క,
మునీశ్వరి


కుప్పం
6 జూన్ 2025

అక్కకు,

నమస్కారం. ఇది అమ్మ నేర్పిన అలవాటు, నీ గొప్ప కాదు.

నేను అన్నది "చేతగానోడు" ఒక్కటే. టమోటాల మాట పక్క విస్తరి వాడెవడో అన్నాడు, నువ్వు రెండూ నా ఖాతాలో వేశావు. చిన్నప్పటి నుంచీ నీకున్న అలవాటే ఇది. పగిలిన కుండ ఎవరిదైనా వీపు నాది.

మదనపల్లె రాను. అది నీ ఊరు. ఆ కెఫే వాడు "టమోటా మండీ వాళ్లమ్మ" అని నీ చేతి నుంచే బిల్లు తీసుకుంటాడు. అప్పుడు నేను కాఫీ తాగినా నీ ఉప్పు తిన్నట్టే. రేపు పంచాయితీలో "మా డబ్బుతో తిని మా మీదే మాట్లాడతావా" అనడానికి నీకు నోరు దొరుకుతుంది. పైగా బంతుల తొట్టి అంటున్నావు. ఊరందరి పిల్లల చీమిడి ఆ బంతులకే ఉంటుంది. అందులో నా మనవరాలిని దించుతావా?

మా ఊళ్లో పలమనేరు రోడ్డు మీద మంచి రెస్టారెంట్ ఉంది. ముందు పచ్చిక, జారుడుబల్ల, ఉయ్యాల. వంటవాడు తమిళం మాట్లాడతాడు గానీ పిల్లలకు పెరుగన్నం బాగా కలుపుతాడు. కావాలంటే నువ్వే రా. నేను చెట్టు కింద కాదు, లోపలే కూర్చుంటాను.

ఇంతా రాసి శ్రుతి ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు నువ్వు. అడగవని నాకు తెలుసు.

సుదర్శన్


మదనపల్లె
11 జూన్ 2025

తమ్ముడికి,

నీ నమస్కారం అందింది. తూకం వేస్తే గింజ తక్కువే ఉంది.

కుప్పం రాను. కారణం నీ ఉత్తరంలోనే ఉంది, ఊరి పేరు మార్చి చదువుకో. శ్రుతి ఎలా ఉందని అడగలేదన్నావు. పవన్ ఎలా ఉన్నాడని నువ్వు అడిగావా? వాడు అన్నం ముందు కూర్చుని వేలితో గీతలు గీస్తున్నాడు, తినడం లేదు.

పుంగనూరు మధ్యలో ఉంది, నీకూ నాకూ చుట్టం కాని ఊరు. నిన్న బస్సెక్కి పోయి హోటళ్లు తిరిగి చూశాను. బస్టాండు ఎదుట ఉన్నదాంట్లో చేతులు కడిగే తొట్టి నా భుజం ఎత్తున ఉంది. దాని పక్కదాంట్లో అందరూ నిలబడి తింటారు. యమున అక్కడ నిలబడితే దానికి కనబడేవి పెద్దవాళ్ల మోకాళ్లే. ఇంకొకదానికి ఫ్యామిలీ రెస్టారెంట్ అని బోర్డు. లోపల పట్టపగలే చీకటి, ముగ్గురు సీసాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. "ఫ్యామిలీ యాడప్పా?" అని అడిగితే "పైన ఉండాదమ్మా" అన్నాడు యజమాని. ఆ మెట్లకు పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు. చివరికి సంతవీధి దగ్గర ఒకటి శుభ్రంగా కనబడింది. కుర్చీలు మామూలువే, పిల్ల కిందికి దిండు నేను తెస్తాను.

ఎవరి బిల్లు వాళ్లదే. నువ్వు నాతో మాట్లాడొద్దు. చెప్పాల్సింది ఏమైనా ఉంటే పిల్లతో చెప్పు, పిల్ల నాకు చెబుతుంది. నేనూ అంతే. అలా చెబితే ఒట్టు తప్పినట్టు కాదట, మునిరత్నం మామను అడిగి తెలుసుకున్నాను.

ఇరవై రెండో తేదీ ఆదివారం. ఆలస్యం చేయకు.

మునీశ్వరి


కుప్పం
23 జూన్ 2025

అక్కకు,

నమస్కారానికి నడుం వంగడం లేదు. పుంగనూరు మధ్యలో ఉందని ఏ బడిలో చదివావు? నీకు గంట ప్రయాణం. నాకు పిల్లను ఒళ్లో వేసుకుని, పలమనేరులో బస్సు మారి, మూడు గంటలు.

నిన్నటి సంగతి నువ్వు ఊరంతా నీకు తోచినట్టు చెప్పుకునే ముందు నేను రాస్తున్నాను. పిల్లకు నేను ఇడ్లీ చెప్పాను. నేను చెప్పానని నువ్వు దోసె చెప్పావు. రెండు ప్లేట్లూ దాని ముందుకొచ్చాయి. అది ఇడ్లీ తుంచినప్పుడల్లా నువ్వు దోసె ముందుకు తోశావు, దోసె తుంచితే నేను ఊరుకోలేదు. అంతటితో అయిపోయిందా?

"యమునా, తాతకు చెప్పు, ఇడ్లీలు పెట్టేది ఆస్పత్రిలో రోగం వచ్చినోళ్లకని" అన్నావు. పిల్ల నా వైపు తిరిగి అంతా అప్పజెప్పింది, నీ మూతి విరుపుతో సహా. నేను గాజులు తొడుక్కుని కూర్చోలేదు కదా. "అవ్వకు చెప్పు పాపా, దోసెలు పెట్టి పెంచినందుకేగా మీ నాయనకు టమోటాలు అమ్మేదానికి కూడా చేతగాలేదని" అన్నాను. అదీ ఒక్క అక్షరం పోకుండా చెప్పింది. అటు తిరగడం, ఇటు తిరగడం, గంటసేపు అదే పని. చాలా తెలివైన పిల్ల. మా వైపు పోలిక.

సర్వరు సాంబారు బకెట్ పిల్ల తల పక్కగా తీసుకుపోయాడు, వేడి చుక్క మోచేతి మీద పడింది. ఆ హోటల్ పిల్లలకు పనికిరాదు. నాలుగూళ్లు తిరిగినట్టు గొప్పగా ఏరి తెచ్చావు.

సుదర్శన్


మదనపల్లె
27 జూన్ 2025

తమ్ముడికి,

పడింది ఒక్క చుక్క సాంబారు. "అయ్యయ్యో" అని నువ్వు ఎగిరిలేచి బల్ల కదిలించి నా కాఫీ అంతా పిల్ల గౌను మీద ఒలకబోశావే, అది రాయడానికి కలంలో సిరా అయిపోయిందా? ఆ గౌను నేను కొన్నదే.

నువ్వు రాయని ఇంకో సంగతి ఉంది. పిల్ల నా ఒళ్లోకి రాలేదు. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ నా కొంగు వదిలేది కాదు, స్నానానికి పోయినా తలుపు బయట కూర్చునేది. నిన్నగాక మొన్న తీసుకుపోయావు, ఇంతలో దాని చెవిలో ఏం నూరిపోశావు? తిరుగు బస్సులో దారి పొడుగునా ఏడ్చాను. పక్కన కూర్చున్న ఆమె "ఎవురు పోయినారమ్మా?" అని అడిగింది. మా తమ్ముడు అని చెప్పాలనిపించింది. చెప్పలేదు, సంతోషించు.

ఆరో తేదీకి వేరే చోటు చూశాను. కాలేజీ పిల్లలు పోయే కెఫే ఒకటి పుంగనూరులోనే ఉంది. సాంబారు బకెట్లు ఉండవు. మెత్తటి సోఫాలు, గోడకు బొమ్మలు. పిల్ల ఒరిగినా దెబ్బ తగలదు. పిల్లకు ఏం తినిపించాలో నేను చూసుకుంటాను. నీ ఇడ్లీలు నువ్వు ఇంట్లో తినిరా.

మునీశ్వరి


కుప్పం
8 జూలై 2025

అక్కకు,

సోఫాలు మెత్తగానే ఉన్నాయి. పాటలు మాత్రం చెవుల్లో మేకులు కొట్టినట్టు మోగాయి. పిల్ల రెండు చెవులూ మూసుకుంది. నీ మాటలు నాకు చేరాలంటే అది గొంతు చించుకోవాల్సి వచ్చింది. "తాతా, నీకు సిగ్గు లేదంట!" అని అది అరిస్తే పక్క సోఫాల్లో కాలేజీ పిల్లలంతా నవ్వారు. ఫోన్లు కూడా ఎత్తారు. నా జవాబు కూడా అరిచే చెప్పింది, అదీ విన్నారు. మన ఇద్దరి పరువూ పుంగనూరులో ఒకే రేటుకు అమ్ముడుపోయింది.

నువ్వు కేకు తినిపించావు. నేను ఐస్‌క్రీమ్ తినిపించాను. పలమనేరు దాటకముందే మొత్తం కక్కింది. కేకులో ఏం కలిపారో ఏమో. ఐస్‌క్రీమ్ చల్లటి పాలే కదా, దానివల్ల ఏమీ కాదు. ఈ మధ్య ఆదివారం పొద్దున లేవగానే కడుపునొప్పి అంటోంది. బయటి తిండి దానికి పడడం లేదు. ఇదంతా నీ హోటళ్ల పుణ్యం.

శ్రుతి బుధవారాలు పిల్లను తీసుకుని పలమనేరులో రేష్మ అని స్నేహితురాలి ఇంటికి పోయి వస్తోంది. అక్కడ తిన్నది తిన్నట్టు ఒంటబడుతోందట. కొత్త మనుషుల ఇంట్లో పడుతుంది గానీ నీ ఎదుట పడదు. దీన్ని ఏమంటారో నువ్వే చెప్పు.

సుదర్శన్


మదనపల్లె
16 జూలై 2025

సుదర్శన్‌కు,

ఈ ఉత్తరానికి ముందు తమ్ముడు అన్న మాట రాయబుద్ధి కాలేదు.

మా ఎదురింటి రాములమ్మ పోయిన బుధవారం పుంగనూరులో పెళ్లి సామాన్లకు పోయింది. హనుమంతు అని ఎవరో నడిపే చిన్న టిఫిన్ హోటల్‌కు పోతే, లోపల నా కొడుకు, నీ కూతురు, మధ్యలో యమున. పిల్ల మూడు దోసెలు తినిందట! పవన్ తుంచి పెడుతుంటే నోరు తెరిచి మరీ తినిందట. తిన్నాక పెరట్లో కట్టేసిన పొట్టి ఆవు మెడ పట్టుకుని ఊగుతూ పాట పాడిందట. రాములమ్మ ఆ సంతోషం వర్ణిస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పవన్ ఆ రోజు మండీ పని మీద అనంతపురం పోతున్నానని నాకు చెప్పి పోయాడు.

నీ ఎత్తు ఇప్పుడు తెలిసింది. ఆదివారం పూట నాతో హోటళ్ల జగడం, బుధవారం పూట కూతుర్ని పంపి కొడుకును నా నుంచి ఊడదీసే పని. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. "చేతగానోడు" ఇప్పుడు నీకు చేతికి అందొచ్చినవాడయ్యాడా? వాడిని ఇల్లరికం తీసుకుపోయి నీ ఎరువుల దుకాణంలో మూటలు మోయిస్తావా? నేను బతికుండగా జరగదు.

మునీశ్వరి


కుప్పం
22 జూలై 2025

అక్కకు,

నీ ఉత్తరం చదివేదాకా నాకు ఏమీ తెలియదు. నమ్మితే నమ్ము, లేకుంటే పో. రేష్మ ఇంటికి వాళ్లు ఒక్కసారి కూడా పోలేదట. నీ కొడుకే నా కూతుర్ని మాయ చేశాడనుకుని శ్రుతిని నిలదీశాను. ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నాను, నాకు కలపడం రాదు.

"అవు నాయనా, పోతాండాను. మొగుడూ పెండ్లాం దొంగల మాదిరి కలుసుకోవాల్సొచ్చె, మీ అక్కాతమ్ముళ్ల పుణ్యాన. మేమిద్దరం ఏం కొట్లాడుకున్నామని నన్ను కారెక్కిస్తివి? నన్ను అడిగినావా, ఆయన్ను అడిగినావా? హోటల్ బాగలేదు, కెఫే బాగలేదు అని మారుస్తాండారే, పాపకు కడుపునొప్పి యాల వస్తాందో తెలీదా మీకు? తిండికి కాదు. మీరు తిట్టుకునేవన్నీ అది మోస్తాండాది. నాలుగేండ్ల బిడ్డ నాయనా అది, మీ ఒట్లు మోసి, మీ తిట్లు మోసి, ఇంగ యాడ తింటుంది?"

నేను ఏదో అనబోయాను. "సూడు, ఇంగ నువ్వు అనేది లేదు" అంది. నా కూతురు నాతో అలా మాట్లాడడం ఇదే మొదలు. నీ కోడలై నేర్చుకున్న మాటతీరు, సందేహం లేదు.

పవన్ పుంగనూరులో పాల కేంద్రంలో పనికి చేరాడు. నీకు ఈపాటికి చెప్పి ఉంటాడు. అక్కడే ఇల్లు తీసుకున్నారు, నిన్న పొద్దున సామాను పోయింది. ఇంటికి ఇప్పుడప్పుడే రావద్దన్నారు, నిన్నూ, నన్నూ. పిల్లను చూడాలంటే ఆ హనుమంతు హోటల్‌కే పోవాలట. ఒక ఆదివారం నువ్వు, ఒక ఆదివారం నేను. ఇద్దరం కలిసి కనబడితే పిల్లను పంపరట.

పిల్లను ఏ హోటల్లో చూపించాలని మనం కొట్టుకున్నాం. ఇప్పుడు మనల్ని ఏ హోటల్లో కూర్చోబెట్టాలో వాళ్లు నిర్ణయించారు. నీ కడుపు చల్లబడిందా? మొదటి ఆదివారం నువ్వే పో. పెద్దదానివి కదా.

సుదర్శన్


మదనపల్లె
4 ఆగస్టు 2025

తమ్ముడికి,

నిన్న పోయొచ్చాను.

పవన్ సామాను కట్టుకున్న రోజు నేను వాడితో మాట్లాడలేదు. నీ గురించి అనుకున్నది తప్పని తెలిసింది. తప్పని రాస్తున్నాను గానీ క్షమించమని అడగడం లేదు, పొరపాటు పడకు. అంతకుముందు నువ్వు చేసినవి చాలా ఉన్నాయి.

ఆ హోటల్లో ఎత్తు కుర్చీలు లేవు, బంతుల తొట్టి లేదు. పొట్టి బెంచీ ఒకటుంది, కూర్చుంటే పిల్ల కాళ్లు నేలకు ఆనుతాయి. చేతులు కడగడానికి గడప పక్కన బకెట్, చెంబు. అంతకు మించి పిల్లల కోసమని పెట్టింది ఏమీ లేదు. శ్రుతి పిల్లను నా పక్కన కూర్చోబెట్టి, "అత్తా, గంటకు వస్తా" అని పోయింది. నా ముఖం చూడలేదు. నేనూ పిలవలేదు.

దోసె వచ్చింది. తుంచి పెట్టాను. పిల్ల నోరు తెరవలేదు. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూసింది. నన్ను చూసింది.

"అవ్వా, తాతకు ఏం చెప్పాల?" అని అడిగింది.

"తాత ఈ పొద్దు రాడమ్మా" అన్నాను.

"ఇంగో ఆదివారం వస్తాడు గదా. అప్పుడు చెప్తా. ఏం చెప్పాల?"

ఏమీ లేదు, నువ్వు తిను తల్లీ అన్నాను. తినలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పని చెప్పనిదే కూలి దొరకదన్నట్టు. నీ దగ్గర దాచడం ఎందుకు, ఆ క్షణంలో కూడా నా నాలుక మీదికి ఒక మాట వచ్చింది. నీ గురించే. బాగా తగిలే మాటే. పళ్ల దాకా వచ్చింది, బలవంతాన మింగాను.

"దోసె బాగుండాదని చెప్పు" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

"తిట్టేది లేదా?" అని అడిగింది.

లేదమ్మా అన్నాను. అది మళ్లీ నా ముఖం చూసి, నిజమేనని నమ్మకం కుదిరాక, "దోసె బాగుండాది, దోసె బాగుండాది" అని లోపలే అప్పజెప్పుకుని, అప్పుడు నోరు తెరిచింది. ఒళ్లోకి మాత్రం రాలేదు. నేను పిలవలేదు. పిలిచి ఉంటే వచ్చేదేమో, పిలిచినందుకే వచ్చేది.

నీ మీద కోపం పోలేదు. వాయల్పాడు మాట నేను చచ్చేదాకా మరవను. వచ్చే ఆదివారం పిల్ల నీ దగ్గరికి ఈ దోసె మాట తెస్తుంది. దానికి నువ్వు ఏం జవాబిస్తావో అని నిన్నటి నుంచి ఇదే ధ్యాస. నాకోసం కాదు.

నీ అక్క,
మునీశ్వరి


కుప్పం
11 ఆగస్టు 2025

అక్కకు,

నమస్కారం.

నేను కూర్చోకముందే చెప్పేసింది. దారిలో ఎక్కడ జారిపోతుందోనని పట్టుకుని వచ్చినట్టుంది, గడపలోనే "తాతా, దోసె బాగుండాదంట" అంది. చెప్పి అక్కడే నిలబడింది. కళ్లు నా నోటి మీదే. ఇంతకాలం ఈ చూపు నేను ఎదురుగా కూర్చుని కూడా చూడలేదు. తెలివైన పిల్ల అని మురిసిపోయాను.

ఆ హోటల్ దోసె నాకు నచ్చలేదు. అట్టముక్కలా ఉంది, చట్నీలో ఉప్పు లేదు. నీకు ఎలా నచ్చిందో నాకు తెలియదు, నీ నాలుక ఎప్పుడూ అంతే.

"అవును, బాగుండాదని అవ్వకు చెప్పు" అన్నాను.

ఒక్క క్షణం ఇంకేమైనా ఉందేమోనని చూసింది. లేదని తలాడించాను. నవ్వింది. చేతిలో దోసె ముక్క పట్టుకుని పెరట్లోకి ఆవు దగ్గరికి పరిగెత్తింది.

వచ్చే ఆదివారం ఆ మాట నీ దగ్గరికి తెస్తుంది. అబద్ధమని దానికి తెలియనివ్వకు.

తమ్ముడు,
సుదర్శన్